తల ఎత్తని ఆవు

పూతలపట్టు కూడలికి రెండు మైళ్ల దూరంలో, నల్లగుట్ట కింద పల్లెలో గంగులమ్మకు ఒకప్పుడు మూడు ఆవులుండేవి. గుట్ట తూర్పు వాలును నల్లరాయి కోసం ఒక కంపెనీ లీజుకు తీసుకున్నాక మేత కరువై, రెండింటిని సంతకు తోలింది. మిగిలిన లచ్చి కోసం పదేళ్లు గట్ల వెంబడి గడ్డి కోసింది. పశువు ఏ గడ్డి తింటుందో, ఏది వాసన చూసి వదిలేస్తుందో ఆమెకు తెలిసినట్టు ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

1984లో లీజు ముగిసింది. తవ్విన నేలను మళ్లీ పచ్చగా చేసి ఊరికి అప్పగించాలని కాగితంలో ఉంది. ఎంత పచ్చగా అన్నది మాత్రం ఎవరూ రాయలేదు. మేనేజరు ధనంజయ గుంతలు పూడ్పించి, పైన మట్టి పరిపించి, వెయ్యి నీలగిరి మొక్కలు నాటించి, ట్యాంకరుతో నీళ్లు పోయించాడు. ఆ 'ఎంత' అన్నది తేల్చడానికి వృక్షశాస్త్రం చదివిన ముకుందం కార్తీక మాసంలో సర్కారు తరఫున తిరుపతి నుంచి వచ్చాడు. నుదుట సన్నని నామం, భుజాన గుడ్డసంచి.

"వెయ్యికి తొమ్మిదొందలు బతికినాయి సార్, రాసేయండి" అన్నాడు ధనంజయ.

"రాసేయి సామీ, మా నేల మాకొస్తే సాలు" అని ఊరిపెద్ద మునిరామయ్య కూడా వంత పాడాడు.

గట్టున గడ్డి కోస్తున్న గంగులమ్మ కొడవలితోనే లేచి వచ్చింది. "సాలదన్నా. ఆ సెట్ల కింద ఏముండాది? ఉత్త మన్ను. ట్యాంకరు ఆగితే సెట్లూ పోతాయి. ఇప్పుడు సరే అంటే మళ్లా అడిగేదానికి ఈళ్లు యాడుంటారు?"

"ఏమ్మే, పదేండ్లు కాసుకోని ఉండాము. నోటికాడ కూడు తీసేస్తావా?"

"అది కూడైతే గదన్నా!"

ముకుందం ఆమె వైపు తిరిగాడు. "మంచి నేల ఎట్లా ఉండాలో నువ్వు చెప్పమ్మా."

"నేను సెప్పేదేంది సామీ, లచ్చి సెప్తాది."

కంపెనీ ముట్టని పడమటి వాలుకు ఆవును తోలింది. లచ్చి దించిన తల ఎత్తకుండా మేస్తూ యాభై అడుగులు నడిచింది. తర్వాత నీలగిరి మొక్కల్లోకి తోలితే నాలుగడుగులకొకసారి తల ఎత్తింది. చివరికి పడమటి వైపు తిరిగి అంబా అంది. ధనంజయకు కూడా నవ్వు ఆగలేదు.

ముకుందం నవ్వలేదు. సంచిలోంచి పురికొస తీశాడు. తిరుపతిలో పూలమాలలు కట్టే అతని తల్లి వరదమ్మ మూరకొకటి చొప్పున దానికి నూరు ముళ్లు వేసిచ్చిందని చెప్పాడు.

"మాలలో పూలు మరిసిపోయినట్టుండాదే మీయమ్మ!" అన్నాడు మునిరామయ్య.

నేలమీద పురికొస చాచి, ప్రతి ముడి కిందా గడ్డి కుదురు ఉందో లేదో చూశారు. పడమట డెబ్భై రెండు ముళ్ల కింద ఉంది, తూర్పున పంతొమ్మిదింటి కింద.

ముకుందం బండమీద కూర్చుని రాశాడు. రెండేళ్లు ఒక్క చుక్క నీళ్లు పోయకూడదు. ఆ తర్వాత రెండు వాలులనూ ఒకే రోజు కొలవాలి. పడమట పది ముళ్ల కింద గడ్డి ఉంటే, తూర్పున తొమ్మిదింటి కిందన్నా ఉండాలి. పశువు తినే గడ్డినే లెక్కపెట్టాలి.

"రెండేళ్లా?" అన్నాడు మునిరామయ్య.

"ఇంట్లో ఆరు నెలల బిడ్డ ఉన్నాడు పెద్దాయనా. వారం వారం తూకం వేయించినా భయం పోదు. ఈ నేలను మాత్రం ఒక్క తూకంతో ఎట్లా నమ్మేది?"

"బిడ్డ కాళ్లు తన్ని ఆడతా ఉండాడా?" అంది గంగులమ్మ.

"ఆడతాడు."

"అయితే ఆ తూకం నీకే సామీ, వానికి గాదు!"

ఆ రెండేళ్లూ ఊరు ఆమెను ఆడిపోసుకుంది. మొదటి ఎండాకాలానికే నీలగిరి మొక్కలు సగానికి పైగా మాడిపోయాయి. ధనంజయ దిక్కుతోచక ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె చెప్పినట్టు కూలీలు వాలుకు అడ్డంగా రాళ్ల వరుసలు పేర్చి మట్టిని నిలిపారు. పడమట పండిన చెంగలి గడ్డి గింజలను ఆమె తానే దూసి, పేడలో కలిపి, తొలకరికి ముందు ఆ వరుసల వెంట చల్లింది. రెండో ఎండాకాలం కుదుళ్లు ఎండాయి గానీ చావలేదు. వాన పడగానే చిగిర్చాయి.

1986 కార్తీకంలో ఊరంతా గుట్టెక్కింది. పడమట డెబ్భై వచ్చాయి. అంటే తూర్పున అరవై మూడు రావాలి. మునిరామయ్య తానే వంగి, గట్టిగా లెక్కపెట్టాడు. తొంభయ్యో ముడికి యాభై తొమ్మిది. ఇంకా పది ముళ్లే మిగిలాయి.

"అరవై... అరవై ఒకటి..." ఒక ముడి కింద రాయి. "అరవై రెండు... అరవై మూడు!"

ఈలలు మిన్నంటాయి. ముకుందం మాత్రం చివరి ముడి దాకా వదలలేదు. మొత్తం అరవై ఆరు.

మునిరామయ్య తలగుడ్డ విప్పి గాల్లోకి విసిరాడు. "ఇంకేం సూస్తావే గంగులా, లచ్చిని ఇడువు!"

ఆమె తూర్పు వాలు మీదే పలుపు తాడు విప్పింది. జనం కేకలేశారు, చప్పట్లు కొట్టారు, ఎవరో పలక డప్పు కూడా మోగించారు. లచ్చి దించిన తల ఎత్తలేదు.