రజియా ఆపా ఆటల దుకాణం

నేను అద్దెకుంటున్న ఇంటి కింద ఒక టైలరింగు దుకాణం ఉంది. పొద్దున నేను కంప్యూటరు ముందు కూర్చునే వేళకే అక్కడ కుట్టుమిషన్ మొదలవుతుంది. కాలితో తొక్కే పాత మిషన్. టకటకమని కాసేపు పరుగెత్తి, గుడ్డ తిప్పుకోవడానికి ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఆ చప్పుడు నడుస్తున్నంతసేపూ నాకు ఇబ్బంది లేదు. ఆగినప్పుడే నా వేళ్లు కూడా ఆగిపోతాయి. కింద ఎవరో నేను రాసేది వింటున్నారని, తర్వాతి మాట కోసం చూస్తున్నారని అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే. అలా మిషన్ ఆపి నా మాట వినే మనిషి ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఆమె పేరు రజియా. మేమంతా ఆపా అనేవాళ్లం, ఉర్దూలో అక్క అని.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మహబూబ్‌నగర్‌లో ఇంటర్ చదువుతున్నాను. బస్టాండు వెనక గల్లీలో ఆపా దుకాణం. రెడీమేడ్ బట్టలు వచ్చి కుట్టుపని తగ్గిపోతే, ఎక్కడో మూతపడుతున్న వేరే దుకాణం నుంచి రెండు పాత టీవీలు, రెండు వీడియో గేము డబ్బాలు తెచ్చి ముందు గదిలో పెట్టింది. పిల్లలు గంటల లెక్కన కిరాయికి ఆడుకునేవాళ్లు. ఒక మూల ఆమె మిషన్, మిగతా జాగా అంతా మగపిల్లల గోల. ఆడపిల్లలెవరూ ఆ గడప తొక్కేవాళ్లు కాదు. నేను తొక్కానంటే అది మా అమ్మ జాకెట్టు పుణ్యం. బతుకమ్మ పండుగ దగ్గరపడుతోందని, జాకెట్టు అయ్యేదాకా కదలొద్దని చెప్పి అమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టి వెళ్లింది.

ఆ రోజు యాదగిరి ఆడుతున్నాడు. మా కాలేజీవాడే, చేతిలో ఆట రిమోటు ఉంటే లోకం పట్టనివాడు. తెర మీద ఎవరో కుర్రవాడు చచ్చిన గుర్రం పక్కన కూర్చుని ఏడుస్తూ ఇంగ్లీషులో ఏదో చెప్తున్నాడు. యాదగిరి బటన్ నొక్కి ఆ దృశ్యాన్ని దాటేశాడు. మూలన మిషన్ ఆగిపోయింది.

"గా పోరడు ఎందుకు ఏడ్సిండు రా?" అంది ఆపా.

"ఏమో ఆపా. గది ఇంగ్లీషు ముచ్చట. మనకేం పని, కొట్టుడే."

"ఎందుకు కొడుతున్నవో తెల్వకుండ ఎట్ల కొడుతవ్? లే. రిమోటు పక్కోనికియ్యి."

యాదగిరి మొహం మాడిపోయింది. వాణ్ణి చూసి జాలేసిందో, నాకు ఇంగ్లీషు వచ్చని చూపించుకోవాలనిపించిందో, "ఆపా, వాళ్ల నాయినను ఊళ్లోళ్లు ఎల్లగొట్టిండ్రంట. గా గుర్రం ఆయనదే" అన్నాను. గది మొత్తం నా వైపు తిరిగింది. ఆపా కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను పరీక్షగా చూసింది. "నీకు తెలుస్తాందా? జర గట్లనే చెప్పు బిడ్డా. మిషన్ నేను తర్వాత తొక్కుత" అంది. మా అమ్మ జాకెట్టు పండుగ దాటిన తర్వాతే తయారైంది. అమ్మ తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి.

అప్పటినుంచి ఆ దుకాణంలో నాకు ఒక ఉద్యోగం దొరికినట్టయింది, జీతం లేని ఉద్యోగం. టీవీ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, తెర మీద జరుగుతున్నదంతా మా మాటల్లో చెప్పేదాన్ని. ఆడేవాడి వేళ్లు ఆగేవి కావు, నా నోరూ ఆగేది కాదు. ఆపా మిషన్ తొక్కుతూ వినేది. కథ బిగిస్తే మిషన్ ఆగేది, చప్పబడితే మళ్లీ మొదలయ్యేది. మంచిచెడ్డలు తేల్చే ఆ చప్పుడుకు నేను తెలియకుండానే అలవాటు పడ్డాను. మధ్యలో ఆమె హఠాత్తుగా తలెత్తి, "యాదగిరీ, గా లావుపాటోన్ని ఎందుకు కొడుతున్నవ్?" అని అడిగేది. జవాబు చెప్పలేకపోతే రిమోటు చేతులు మారేది. అందుకని వాళ్లు నోటికొచ్చిన కారణమల్లా చెప్పేవాళ్లు. ఒకసారి యాదగిరి "వాడు నన్ను గుర్రుగ చూసిండు ఆపా" అన్నాడు. "తాడిచెట్టు ఎందుకెక్కినవ్ రా అంటే దూడ గడ్డికన్నడట నీ అసొంటోడు" అని ఆపా రిమోటు లాక్కుంది. మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం.

పూర్తి ఆటలు కొనే స్తోమత ఆ దుకాణానికి లేదు. కాబట్టి మాకు దొరికేవన్నీ డెమోలే. కొత్త ఆట వచ్చేముందు జనానికి రుచి చూపించడానికి మొదటి భాగం మాత్రం ఊరికే ఇస్తారు కదా, అవి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక కొత్త డెమో ఆడటం, ఆడాక దాని మీద కొట్లాడుకోవడం మా ఆనవాయితీ. మాటలెక్కువై ఆట చచ్చిందని యాదగిరి, కొట్లాటలెక్కువై కథ చచ్చిందని నేను. తీర్పు ఆపాది. డెమో కథ ఎప్పుడూ మంచి పట్టులోనే తెగిపోయేది. మిగతా కథ ఏమిటో ఎక్కడైనా చదివి వచ్చి చెప్పబోతే మాత్రం ఆపా ఒప్పుకునేది కాదు. "ఆడకముందే చెప్తే గది ఎంగిలి ముచ్చట. నాకొద్దు" అనేది. అలా ఎన్నెన్ని కథలు సగంలోనే వదిలేసుకుందో ఆమె.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఫోనులో ఊరికే ఆడుకునే కాల్పుల ఆటలు వచ్చాక గల్లీలో పిల్లలు ఎవరి అరుగు మీద వాళ్లు తల వంచుకుని కూర్చున్నారు. అక్కడ ఎందుకని అడిగేవాళ్లు లేరు. దుకాణం మూసేసి, మిషన్ ఒక్కటి వెంటబెట్టుకుని ఆపా ఆత్మకూర్‌లో ఉన్న కూతురు షాహీన్ ఇంటికి వెళ్లిపోయింది. నేనూ యాదగిరీ చదువులు అయ్యాక హైదరాబాద్‌లో ఒకే కంపెనీలో తేలాం. వాడు ఆటలకు ప్రోగ్రాములు రాసేవాడు, నేను మాటలు రాసేదాన్ని. ఇద్దరమూ ఊళ్లో మొదలుపెట్టిన తగాదాను అక్కడ కొనసాగించాం.

కొన్నేళ్లకు ఉద్యోగాలు మానేసి సొంతంగా ఒక ఆట తలపెట్టాం. కృష్ణా నదిలో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, నడుపుతూ జనాన్ని అద్దరికి దాటించే బాలమణి అనే ఆమె కథ అది. తమ్ముడు కనిపించకుండా పోతాడు. వాణ్ణి వెతుకుతూ నది పొడుగునా వెళ్తుంది. దారిలో ఇసుక దొంగలు అడ్డం వస్తారు, తెడ్డుతో వాళ్లను ఎదుర్కొంటుంది. డెమో చివర్లో ఇసుక ట్రాక్టరు మీది నుంచి ఒకడు దిగుతాడు. బాలమణి తెడ్డు ఎత్తుతుంది. లైటు వెలుతురులో చూస్తే వాడు ఆమె తమ్ముడే. ఎత్తిన తెడ్డు ఎత్తినట్టే ఉండగా తెర నల్లబడుతుంది. ఈ డెమోకు ఆదరణ వస్తే పూర్తి ఆటకు డబ్బు పెడతామని ఒక పెద్ద సంస్థ మాటిచ్చింది. రాకపోతే మా రెండేళ్ల కష్టం కృష్ణార్పణం.

డెమో నెట్లో పెట్టిన రెండో రోజు నుంచే జనం రెండుగా చీలిపోయారు. "అక్కా, ఆట తీసిండ్రా, సీరియల్ తీసిండ్రా? గామె ముచ్చట అయ్యేసరికి నాకు నిద్రొచ్చింది" అని ఒకడు. "మా ఊరి మాట ఆటల ఇన్నది ఇదే మొదలు. ఒక్క ముక్క తీసేసినా ఊరుకోం" అని ఇంకొకరు. తెడ్డు దెబ్బలో బరువు లేదని కొందరు, కొట్టుకోవడానికైతే వేరే ఆటలు లేవా అని కొందరు. ఒకరినొకరు తిట్టుకుంటూ పేజీలకు పేజీలు నింపారు. బయట వాళ్ల గొడవ సరే, లోపల మా ఇద్దరి గొడవ అంతకంటే ఘోరం. మొదట్లో బాలమణి ఒడ్డున కూర్చుని తన బతుకంతా చెప్పుకునే దృశ్యం ఉంది. అది తీసేద్దామని యాదగిరి, నా ప్రాణం పోయినా తీయనని నేను. చివరికి, "ఆపా కాడికి పోదాం. ఆమె ఏమంటే గదే" అన్నాను. ఆమె నా పక్షమేనని నాకు ఇసుమంతైనా అనుమానం లేదు.

ఆత్మకూర్‌లో షాహీన్ ఇంట్లో, కిటికీ పక్కన ఆపా మిషన్ ముందు కూర్చుని ఉంది. చక్కెర జబ్బుతో మనిషి సగమైంది. మమ్మల్ని చూసి లేవబోతే మేమే వద్దన్నాం. యాదగిరి ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఆట మొదలుపెట్టాడు. తెర మీద నది కనిపించి బాలమణి నోరు విప్పగానే మిషన్ ఆగింది. నేను యాదగిరి వైపు గర్వంగా చూశాను. బాలమణి చెప్తోంది, ఇంకా చెప్తోంది. సగంలో మిషన్ మళ్లీ టకటకమంది.

ఆట ఆపించి ఆపా నాతో అంది: "ఎందుకు కొడుతున్నవో చెప్పుమన్న గని, కొట్టుడు ఆపి చెప్పుమన్ననా బిడ్డా? నాడు దుకాణంల వాడు ఆడుకుంటనే ఉండె, నువ్వు చెప్పుకుంటనే ఉంటివి. గిప్పుడేంది, వాని చేతులు కట్టేసి చెప్తున్నవ్?"

యాదగిరి ముసిముసిగా నవ్వాడు. ఆపా వాణ్ణీ వదల్లేదు. "నువ్వేం ఇకిలిస్తవ్? నీ కొట్టుడు గూడ గంతే. తెల్సినోన్ని, తెల్వనోన్ని అందర్ని ఒక్కతీరు కొడుతాంది గామె. ఒక్క ఊరోళ్లు కాదా?"

తర్వాత మిగతాది ఆడమంది. ట్రాక్టరు వచ్చేసరికి మిషన్ ఆగింది, మళ్లీ కదల్లేదు. తెడ్డు లేచింది, తెర నల్లబడింది. ఆపా ఆ నల్లటి తెర వైపు వంగింది. "తర్వాత?" అని తనే అడిగి, నేను చెప్పబోయేలోపే రెండు చెవులూ మూసుకుంది. "వద్దు వద్దు. ఆట మొత్తం వచ్చినంకనే వింట." నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఒక్కసారి ఆమె చేతులు పట్టి దించి చెప్పేసి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మేము తిరిగి వచ్చి డెమో అంతా మార్చేశాం. ఒడ్డున కూర్చునే దృశ్యం పోయింది. బాలమణి తెడ్డు విసురుతూనే ఎదుటివాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. "మల్లేశా, నీ పెండ్లి బండెడు జనాన్ని నేనే గద రా దాటిచ్చింది!" అంటుంది. ఆ మాటకు వాడి చెయ్యి ఒక్క క్షణం తడబడుతుంది, దెబ్బ తప్పించుకునే వీలు ఆడేవాడికి అక్కడే దొరుకుతుంది. మాటా దెబ్బా ఒకటైపోయాయి. చీలిన జనంలో చాలామంది మెత్తబడ్డారు. కానీ అప్పటికే ఆ సంస్థ మనసు మార్చుకుంది. మేము మళ్లీ ఉద్యోగాల్లో చేరి, ఆదివారాలు మాత్రం ఆట మీద కూర్చునేవాళ్లం. ఆపా అప్పుడప్పుడు ఫోన్ చేసేది. "వచ్చిందా ఆట?" అనేది. "ఇంక లేదు ఆపా" అనేదాన్ని. "ఫికర్ చెయ్యకు, మెల్లగ కానియ్యి" అనేది. ఒకరోజు ఆ నంబరు నుంచి షాహీన్ మాట్లాడింది. అమ్మీ ఇక లేదని చెప్పింది.

మేము వెళ్లేసరికి అంతా అయిపోయింది. షాహీన్ మాకు చాయ్ పోసి, అడగనా వద్దా అన్నట్టు అడిగింది.

"మాధవక్కా, గా ఆట ఆఖర్ల బాలమణి తమ్మున్ని కొట్టదు గద? తెడ్డు కింద పారేసి, 'తిన్నవా రా?' అని అడుగుతదంట. గట్లనేనా? అమ్మీ నా పిల్లలకు రోజూ గదే చెప్పేది."

నేను రాసిన ముగింపు అది కాదు. నా ముగింపులో అక్కాతమ్ముళ్ల మధ్య ట్రాక్టరు మీద భయంకరమైన పోరాటం ఉంది, తమ్ముడు నదిలో పడిపోతాడు. యాదగిరి దాని మీద నెలల తరబడి పనిచేశాడు. వాడు నా మొహంలోకి చూశాడు. "గట్లనే షాహీన్" అన్నాను.

షాహీన్ కళ్లు తుడుచుకుంది. "మా మేనమామ ఆలంపూర్ల ఉంటడు. ఇంటి జాగ కాడ కొట్లాడి అమ్మీతోని మాటలు బంద్ చేసిండు. నా పెండ్లికి రాలె. ఇప్పుడు గూడ రాలె" అంది.

ఆపాకు తమ్ముడున్నాడన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అన్నేళ్లు ఆమె పక్కన స్టూలు వేసుకుని ప్రపంచంలోని కథలన్నీ ఆమెకు చెప్పాను, నీ కథేమిటని ఒక్కనాడూ అడగలేదు. ప్రతివాణ్ణీ ఎందుకని అడిగే మనిషికి చెప్పుకోవడానికి తనదంటూ ఒకటి ఉంటుందని తోచకపోవడం ఎంత తెలివితక్కువతనం! ఆ బాధ నాకు తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు దేవరకద్ర దాటుతుండగా, "ట్రాక్టరు ఫైటు తీసేస్త" అన్నాడు యాదగిరి.

తీసేశాడు. ఆట ఇప్పుడు దాదాపు పూర్తయింది. బాలమణికి గొంతు ఇచ్చిన అమ్మాయి మంచి కళాకారిణి, మిగతా మాటలన్నీ చక్కగా పలికింది. "తిన్నవా రా?" అన్న ఆ ఒక్క మాట మాత్రం ఎన్నిసార్లు పలికించినా మా ఇద్దరికీ నచ్చడం లేదు. ఆ మాట ఎలా ఉండాలో మాకు తెలుసు. అన్నేళ్లు ఆ గొంతు మా పక్కనే ఉంది, రికార్డు చేసే ఫోన్లూ మా చేతుల్లోనే ఉన్నాయి. ఆపా మాట ఒక్కటీ మా దగ్గర లేదు.