నోట్లో గుండుసూదులు

ప్రతి ఉదయం దేవుణ్ణి తలుచుకున్నాక టైలరమ్మ చేసే మొదటి పని, అయస్కాంతం ముక్కతో గదంతా తడిమి, రాలిన గుండుసూదులు ఏరడం. పిల్ల కాలికి గుచ్చుకోకూడదని. ఆ తర్వాతే మిషను మీద చెయ్యి వేసేది.

అంత ప్రేమ ఉన్న మనిషికి నోటి దురుసు మాత్రం తగ్గేది కాదు. తొమ్మిదేళ్ల కూతురు ఒక మాట అనేలోపు తను పది అనేది. వీధిలో అందరూ మాటలపుట్ట అని పిలిచే ఆ పిల్ల, ఇంట్లో మెల్లగా మాటలు మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. "మీ పిల్ల నాలుగు రోజులుగా బడికి పోవట్లేదు వదినా. మా మెట్ల కింద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. ఇవాళ నేనే ఇంత అన్నం పెట్టాను. కొట్టకు" అని చెప్పి వెళ్లింది.

సాయంత్రం ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చేసరికి టైలరమ్మ ఒక గౌను అంచు మడుస్తోంది. పెదవుల మధ్య నాలుగు సూదులు. కోపం గొంతుదాకా వచ్చింది కానీ నోరు తెరిచే వీల్లేదు.

"ఊఁ?" అంది.

పిల్ల ఆ సూదుల వంక చూసింది. "నేను బడికెళ్లట్లేదమ్మా."

"ఊఁ."

"పాఠం చదవమని నిలబెడతారు. నాకు చదవడం వచ్చు. అందరూ చూస్తుంటే గొంతు మూసుకుపోతుంది. నవ్వుతారు."

టైలరమ్మ ఒక్కొక్క సూదీ తీసి గుడ్డకు గుచ్చింది. నాలుగోది గుచ్చేసరికి కోపం చల్లారిపోయింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"తిడతావుగా. ఇందాకైతే నీ నోట్లో సూదులున్నాయి."

తల్లికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. కూతుర్ని దగ్గరికి లాక్కుని, "ఏం చేస్తే నీకు తేలిగ్గా ఉంటుందో నువ్వే చెప్పు" అంది. ఆ ప్రశ్న ఆమె అడగడం అదే మొదటిసారి. పిల్ల చాలాసేపు ఆలోచించింది. తల్లి తొందరపెట్టలేదు.

ఆనాటి నుంచి కూతురు ఏదైనా చెప్పబోతే ఆమె రెండు సూదులు పెదవుల మధ్య పెట్టుకునేది. "పెళ్లయిన కొత్తలో ఈ ఉపాయం నాకు తట్టలేదే" అని మొగుడు వేళాకోళమాడితే, ఆయన వైపూ "ఊఁ" అనేది.

పిల్ల మనసు విప్పిన మర్నాడే పని పక్కన పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని బడికి వెళ్లింది. తరగతి గది బయట, పిల్లలెవరికీ వినపడనంత మెల్లగా పంతులమ్మను అడిగింది.

"ఒక్క సాయం చెయ్యండమ్మా. కొన్నాళ్లు మా పిల్లని లేపి నిలబెట్టకండి. మీ పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఒక్కరికే వినపడేట్టు చదివించండి. అలాగైతే చదువుతానని తనే చెప్పింది."