ప్రహరీకి అమ్మ కొట్టిన గండి

కాకినాడ ఊరి చివర మేము ఇల్లు కట్టుకునేనాటికి అక్కడ వరిచేల ఆనవాళ్లు ఇంకా పోలేదు. ఎనిమిది వందల గజాల స్థలం. గేటు వైపు మట్టి పోయించి, ఎత్తు చేసి ఇల్లు కట్టాం. పల్లంలో మిగిలినదంతా అమ్మదే. దొండపందిరి, అరటి పిలకలు, రెండు జామచెట్లు. వెనక కంచె, దాని అవతల మురుగుకాలవ.

నాన్నగారు ఎరువుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ప్రహరీ లేని ఇల్లు ఇల్లే కాదనేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా వెనక వైపు తప్ప మూడు పక్కలా గోడ కట్టించారు. అమ్మ ద్రాక్షారామం దగ్గరి రైతుల ఇంటి ఆడపడుచు. పునాది తీస్తున్నప్పుడే చెప్పింది.

"ఇక్కడ పంటబోదె ఉండేదండి. చేలల్లో నీళ్లు ఇటునుంచే కాలవలోకి దిగేవి. కాస్త దారి వదిలించండి."

"చేలే లేవు, ఇంకా బోదేంటి?" అని నాన్నగారు నవ్వేశారు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరిపి లేదు. మూడోనాటి పొద్దున్న నేను గుమ్మంలోకి వచ్చేసరికి మా వీధి వీధంతా చెరువైపోయింది. మా ఇల్లు ఎత్తు మీద ఉంది కనుక మాకు బెంగ లేదు. ఎదురింట్లో మాత్రం నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. ఆ ఇంట్లో రిటైరైన లెక్కల మాస్టారు, పక్షవాతంతో మంచం పట్టిన ఆయన భార్య ఉండేవారు. మాస్టారు ఒక్కరే ఆ మంచం కోళ్ల కింద ఇటుకలు దూర్చడానికి అవస్థ పడుతున్నారు.

అమ్మ గోడ మీదుగా వీధినీ, వెనక్కి తిరిగి కాలవనీ చూసింది. కాలవలో ఇంకా మూరెడు చోటుంది. ఇంటి పక్కన మట్టి పోయని చోట, పాత బోదె దారిలో నీళ్లను ఆపుతున్నది మా గోడే. ఆమె కొట్టుగదిలోంచి గునపం తెచ్చింది.

"ఏంటది? కట్టి ఆర్నెల్లు కాలేదు!" అన్నారు నాన్నగారు.

"మీరు పొడుస్తారా, నన్ను పొడవమంటారా?"

ఆయన తేల్చుకునేలోపే అమ్మ కుచ్చెళ్లు దోపుకుని మొదటి పోటు వేసింది. మూడో పోటుకి నాన్నగారు గునపం అందుకున్నారు. మాస్టారు కిటికీలోంచి కేకేశారు.

"మా కోసం గోడ పడగొట్టుకుంటారా! వద్దండీ!"

"గోడ మళ్లీ కట్టుకుంటాం మాస్టారూ! మీరు అమ్మగారి మంచం దగ్గరుండండి" అంది అమ్మ.

ఇటుకలు కదలగానే నీళ్లు ఒక్కసారిగా తోటలోకి దూసుకొచ్చాయి. అరటి పిలకలు లేచిపోయాయి, పందిరి ఒరిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం పారతో మట్టి లాగుతూ నీళ్లను కాలవ వైపు మళ్లించే పనిలోనే ఉంది.

మధ్యాహ్నానికి ఎదురింటి గచ్చు బయటపడింది. అమ్మా నేనూ వెళ్లి బురద కడిగాం. మాస్టారి భార్యకు మాట రాదు. కదిలే ఆ ఒక్క చేత్తోనే అమ్మ మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వాన వెలిశాక నాన్నగారే మేస్త్రీని పిలిపించి, గోడ అడుగున తూము పెట్టించారు. "ఇంత వెడల్పు చాలా?" అని అమ్మని అడిగారు. "ఇంకాస్త" అంది.

తర్వాత పదేళ్లలో చుట్టూ ఇళ్లు నిండిపోయాయి. కొత్తగా పునాది తీసేవాళ్లు మా గేటు దగ్గరికొచ్చి, "అమ్మగారూ, మా స్థలంలో నీళ్లెటు పోతాయో ఓసారి చూస్తారా అండి?" అని అడిగేవారు. అమ్మ పొయ్యి ఆపేసి, చెప్పులేసుకుని వాళ్ల వెంట వెళ్లేది.