ఖాలా మగ్గం మీద లేత నీలి దారం

మొన్న నిజామాబాద్‌లో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళిలో, పెళ్ళికూతురి రవికె మీద వీపంతా పరుచుకున్న బంగారు నెమళ్ళను చూసి అందరూ మురిసిపోతుంటే, నేను మాత్రం మంచం మీద పెట్టిన ఆ రవికెను మెల్లగా తిరగేసి లోపలి వైపు చూశాను. కంప్యూటర్ మెషిన్ మీద ఒక్క పూటలో కుట్టించారట. పని శుభ్రంగానే ఉంది, వంక పెట్టడానికేమీ లేదు. ముసలామెకు చాదస్తం అని పిల్లలు నవ్వారు గానీ, ఏ కుట్టునైనా మొదట వెనక వైపు నుంచి చూడాలని నాకు నేర్పింది బోధన్‌లో మా గల్లీ ఖాలా, అది ఇప్పుడు పొమ్మంటే పోయే అలవాటు కాదు.

మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల దగ్గర పని చేసేవాడు. చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా మడ్డి వాసన కొట్టేది, ఆరేసిన బట్టలకు కూడా అదే వాసన. మా అవ్వ, అంటే అమ్మ, వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టేది. నా ఈడు ఆడపిల్లలకు చెప్పనక్కర్లేదు, పలక పక్కన పెట్టగానే ఒళ్ళోకి బీడీల చేట వచ్చేది. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఖాలా ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, భర్త పోయిన ఒంటరి మనిషి, గల్లీ మొత్తం ఆమెను పిన్నీ అన్నట్టుగా ఖాలా అని పిలిచేది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి తొంగి చూడడం నా పని. ఒకరోజు ఆమె నన్ను లోపలికి పిలిచి, నా చేతివేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే వంచి చూసింది.

"ఆకు మడిచే వేళ్ళు బేటీ ఇవి. జరీకి పనికొస్తయి. కానీ తంబాకు వాసన పోయేదాక శనగపిండితోటి కడుగు."

అవ్వ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "బీడీలు సుట్టుకుంటె బువ్వన్న దొరుకుతది బిడ్డా, గా మెరుపులు ఏం జేస్కుంటవ్?" అని గొణిగింది. చివరికి పొద్దున బీడీలు, మధ్యాహ్నం మగ్గం అని ఒప్పందం కుదిరింది. మగ్గం అంటే నేత మగ్గం కాదు. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి కట్టి, ముందు నేల మీద కూర్చుని కుట్టేది. అసలైన జరీ తీగను సాధారణ దారంలా బట్టలో గుచ్చి లాగితే తీగ పాడవుతుంది. అందుకని దాన్ని బట్ట మీద పరిచి, సన్నని పట్టుదారంతో అక్కడక్కడ కట్టుకుంటూ పోవాలి. ఖాలా ఆ పని చేస్తుంటే కళ్ళు వీధి వైపు ఉండేవి, వేళ్ళు మాత్రం బట్ట మీద నడిచేవి. చూడకుండానే మామిడిపిందె వంపు తిప్పేది. ఎంత పనితనం అని నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. నా కుట్లు చూస్తే మాత్రం, కోడి తొక్కినట్టున్నయని నవ్వి మొత్తం విప్పించేది.

ఒకసారి నిజామాబాద్ నుంచి ఒక బట్టల వ్యాపారి ఇంటివాళ్ళు పెళ్ళికూతురి ఎర్ర పట్టుచీర కొంగు మీద మామిడిపిందెల వరస కుట్టమని ఇచ్చారు. జరీ కూడా వాళ్ళే హైదరాబాద్ నుంచి తెప్పించి ఖాలా చేతికిచ్చారు. వరస సగం పూర్తయిన రోజున, ఖాలా నమాజుకు లేచినప్పుడు, నాకు ఆమె మీద ప్రేమ పొంగి, గూట్లో చిందరవందరగా ఉన్న దారాల డబ్బాలన్నీ తుడిచి రంగుల వరసలో అందంగా సర్దిపెట్టాను. ఆమె వచ్చి కూర్చుని, ఎప్పట్లాగే చెయ్యి చాపి చివరి డబ్బాలోంచి దారం తీసుకుని కుట్టసాగింది. అది అప్పటిదాకా కుట్టిన పసుపు దారం కాదు, లేత నీలం. నేను చూశాను. చూసి కూడా, గురువు చేస్తున్నదంటే ఏదో కిటుకు ఉండే ఉంటుందని నోరు మూసుకున్నాను. రోజులు గడిచి కొంగు పూర్తయింది.

పెళ్ళికూతురి తల్లి వచ్చి కొంగును గుమ్మం ఎండలోకి పట్టుకుపోయి చూసింది. ఒక సగం పచ్చగా నిగనిగలాడుతోంది, రెండో సగం పాత ఇత్తడి గిన్నెలా ఉంది. ఆమె చూపు సూటిగా నా మీద పడింది.

"ఈ సగం మా జరీ. గా సగం ఎక్కడిది? ఇంట్ల ఈ బీడీల పిల్ల తప్ప ఎవరు తిరుగుతరు? మా జరీ తీసి నకిలీది పెట్టింది."

దొంగ అనే మాట ఒక్కసారి గల్లీలో పడితే, నాకు మగ్గం దక్కకపోవడం అటుంచి, మా అవ్వకు ఆకూ తంబాకూ కూడా నమ్మి ఇచ్చేవాళ్ళుండరు. ఖాలా తొందరపడలేదు. రెండు సగాల నుంచి చిన్న తీగ ముక్కలు కత్తిరించి, వాటి కట్టుదారం ఊడదీసి, పెళ్ళికూతురి తల్లి అరచేతిలో పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకే బంగారం, తేడా అంతా కట్టిన దారం రంగుది. అప్పుడు నన్నడిగింది, ఏ సగానికి ఏ దారం పడిందని. చెప్పాను. డబ్బాలు సర్దింది నేనేనని కూడా చెప్పబోయాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపింది.

"పిల్లది తప్పు లేదమ్మా. రెండేండ్ల సంది నాకు రంగులు తెలుస్తలేవు. పసుపు, నీలం, తెలుపు అన్నీ ఒక్కతీర్గనే కొడుతున్నయి. ఏ డబ్బా ఏడుంటదో యాదికి పెట్టుకొని కుడుతున్న. నీకు చెప్పకుంట పని తీసుకున్న, గది నా తప్పు."

గల్లీలో ఎవరికీ తెలియని మాట అది. డబ్బాలు తారుమారు చేసింది పిల్లే అని ఒక్క ముక్క అంటే ఆమె పేరు నిలిచేది. ఆమె అనలేదు. పెళ్ళికూతురి తల్లి కొంగు మడుచుకుని వెళ్ళిపోయింది, ఆ తరువాత నిజామాబాద్ నుంచి పని రావడం ఆగిపోయింది. నేను మర్నాడు ఏడుస్తూ పోయి క్షమించమంటే ఖాలా నవ్వింది. "ఏడుస్తవేందే? ఇగ నుంచి రంగు నీది, తీగ నాది" అంది.

నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదనే చెప్పాలి. చింకి పేలికలు బిగించుకుని ఇద్దరం ఆడిన ఆట అంతా ఇంతా కాదు. ఎర్ర దారంతో కడితే బంగారం పాకం పట్టిన బెల్లంలా వెచ్చబడేది, చిలకపచ్చతో కడితే లేతగా, నల్లదారంతో ఎడంగా కడితే ఏ కాలం నాటిదో అన్నట్టు కనిపించేది. ఒకే ఆకులో తొడిమ దగ్గర ఎరుపుతో మొదలుపెట్టి కొసకు పసుపులోకి తెస్తే, ఆకు ఒక పక్కకు ఒరిగినట్టే ఉండేది. మమ్మల్ని అంత అవమానపాలు చేసిన లేత నీలం కూడా, వెండి తీగ మీద పడేసరికి ఎంత బాగుందో! ఖాలాకు అదేదీ కనబడదు. నేను చెబుతుంటే తల ఊపుతూ విని, ఇంకొంచెం ఎడంగా కట్టు, ఇప్పుడెట్లుంది అని అడిగేది. చూపున్న వాళ్ళకంటే ఎక్కువ ఆశగా అడిగేది.

ఆమె నేర్పిన పనితోనే నేను పెళ్ళయ్యాక నిజామాబాద్‌లో దుకాణం పెట్టుకుని చాలా ఏళ్ళు నడిపాను. ఇప్పుడు జరీ నల్లబడదు, దారం రంగు తెర మీద వేలితో తాకితే మారిపోతుంది, మగ్గానికి అటొకరు ఇటొకరు కూర్చుని ఇది ఎట్లుంది అని అడిగే పనే లేదు. మంచిదే, వీపులు నొప్పి పుట్టకుండా నాలుగిళ్ళు బతుకుతున్నాయి. కానీ మనసులో ఒకటి దాచుకున్నాను, ఈ వయసులో దాచి ఏం చేసుకుంటాను? దుకాణం బాగా నడిచే రోజుల్లో ఒకసారి ఒక పెళ్ళి రవికె మెడ కొలత నేనే తప్పు గీశాను. వచ్చినవాళ్ళు నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లను పట్టుకుని నానా మాటలన్నారు. నేను పక్కనే ఉన్నాను, పెద్ద ఇంటి వాళ్ళు చేజారిపోతారని నోరు మెదపలేదు. ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసి, సూదిని బట్టకు గుచ్చి, లేచి వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియదు. తప్పు నాది అనే మాట చెప్పడానికి ఖాలాకు ఒక్క నిమిషం పట్టింది, నాకు ఇరవై ఏళ్ళు పట్టినా చెప్పాల్సిన మనిషికి ఇంకా చెప్పనే లేదు.