అంబుడ్స్‌మన్ గారితో మా బంధుత్వం

గుడివాడలో మా డాబా మీదుగా వెళ్లే కరెంటు తీగ ఏటేటా కిందికి దిగుతూ వచ్చి, రెండువేల సంవత్సరం దాటాక మా నాన్న నెత్తికి జానెడు దూరంలో ఆగింది. ఆయన ఆరడుగుల మనిషి. రోజూ పొద్దున్నే నీళ్ల ట్యాంకు చూడ్డానికి డాబా ఎక్కేవారు. ఎక్కొద్దని అమ్మ మొత్తుకునేది. "నా డాబా నేనెక్కడానికి దాని పర్మిషన్ కావాలా?" అనేవారు. మొండిఘటం!

కరెంటు ఆఫీసుకి రెండేళ్లు అర్జీలు పెట్టాం. లైన్‌మన్ వచ్చి, తలెత్తి చూసి, "కాస్త వంగి నడవండి మావయ్యగారూ" అని సలహా ఇచ్చి పోయాడు. చివరికి ఎవరో చెప్పారు, అంబుడ్స్‌మన్ అని ఒకాయన ఉంటారట, కరెంటు వాళ్ల పక్షమూ మన పక్షమూ కాకుండా తీర్పు చెబుతారట, బందరు వచ్చి మరీ వింటారట. కాగితం పెట్టాం. విచారణకి రమ్మని కబురొచ్చింది.

అక్కడితో ఊరుకుంటే ఆయన మా నాన్న ఎందుకవుతారు? తెలిసినవాళ్లు లేనిదే పోస్టాఫీసు గడప కూడా తొక్కరు. ఆ అంబుడ్స్‌మన్ ఎవరి తాలూకు అని వారం రోజులు మా చుట్టాలున్న దివిసీమంతా గాలించారు. ఆయన అత్తగారి పుట్టిల్లు అవనిగడ్డ వైపు అని తేలింది. మా నాయనమ్మ పుట్టిల్లూ అటే, ఇంటిపేరూ ఒకటే. ఇంకేం! "వరసకి బావ అవుతాడే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు.

విచారణ రోజు కరెంటు ఇంజనీరు ఒకవైపు, నాన్నా నేనూ ఇంకోవైపు కూర్చున్నాం. అంబుడ్స్‌మన్ గారు కాగితం చదివి "చెప్పండి" అన్నారో లేదో, నాన్న లేచి, "బాగున్నారా బావగారూ" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన కళ్లజోడు తీశారు. "మనం బంధువులమా?"

అంతే, నాన్న మూడు తరాలు వెనక్కెళ్లి పది నిమిషాలు వరసలు కలిపారు. ఆయన ఓపిగ్గా విని, "అయితే మీ ఫిర్యాదు నేను వినకూడదండీ" అన్నారు.

నాన్న మొహం పాలిపోయింది. "అబ్బే, అంత దగ్గర కాదండీ!"

"దగ్గరేనండీ, మూడు తరాలేగా" అన్నాడు ఇంజనీరు హుషారుగా. అప్పటిదాకా మేమెవరమో తెలియదన్న మనిషి!

ముందు ఆ వరస నిజమో కాదో తేల్చుకు రమ్మని అంబుడ్స్‌మన్ గారు రెండు వారాలు గడువిచ్చారు. వారం కష్టపడి కలుపుకున్న బంధుత్వాన్ని నాన్న రెండు వారాలు కష్టపడి తెంపుకున్నారు. ఇంటిపేరు ఒకటే గానీ మనుషులు వేరని అవనిగడ్డలో ఒక ముసలావిడ తేల్చి, కాగితం మీద వేలిముద్ర కూడా వేసిచ్చింది.

రెండోసారి అమ్మ కూడా బయల్దేరింది. "మీరు నోరెత్తితే నామీద ఒట్టే" అని బస్సులోనే చెప్పింది.

అంబుడ్స్‌మన్ గారు ముసలావిడ కాగితం చూసి పక్కన పెట్టి, "అమ్మా, నేను మీకు తెలుసా?" అని అడిగారు.

"మిమ్మల్నెప్పుడూ చూళ్లేదండీ. ఆ తీగనే రోజూ చూస్తున్నా."

వారంలోగా మా డాబా మీంచి తీగని తప్పించమని ఆయన ఆర్డరు రాశారు.

తీగ తప్పించిన రోజు నాన్న డాబా ఎక్కి సంబరంతో ఒకటే కేకలు. అమ్మ మాత్రం మెట్ల కిందే నిలబడింది. పైకి రావేమని అడిగాను.

"రెండేళ్లుగా ఆయన ఎక్కినప్పుడల్లా ఇక్కడే నిలబడి అడుగుల చప్పుడు వింటున్నానే. దిగేదాకా నాకు ఊపిరాడేది కాదు" అంటూ మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నాన్న పరుగున దిగొచ్చారు. "ఏడుస్తావేంటే, తీగ పోయిందిగా!"

"పోయింది. మీరు మిగిలారు" అంది అమ్మ.