వైరస్‌కు గిట్టని శుభ్రత

మా కోడలు ఇంట్లో వైరస్‌లను పెంచుతుందని మా ఆయన వీధిలో చెబుతుంటే నేను దిద్దవలసి వచ్చేది. పెంచడం కాదు, వదలడం. హనుమకొండలో మా ఇంటి వెనక గదిలో, ఇంటర్నెట్‌తో సంబంధం లేని ఒక కంప్యూటర్‌లో వైరస్‌ను వదిలి, కాపలా ఉన్న యాంటీవైరస్ దాన్ని పట్టుకుంటుందో లేదో చూస్తుంది. తెలిసిన వైరస్‌ను ముఖం చూసి పట్టుకోవడం సులువు. కొత్తదాన్ని నడత చూసి పట్టుకోవాలి. వరసబెట్టి ఫైళ్లకు తాళాలు వేసుకుంటూ పోతోందంటే అది ఇంటి మనిషి పని కాదని గ్రహించి ఆపాలి. దానికి మార్కులు వేయడం కోడలి ఉద్యోగం. మార్కులు అనగానే నాకు ఆసక్తి కలిగింది. రిటైరయ్యేదాకా బడిలో లెక్కలు చెప్పినదాన్ని.

పోయిన వర్షాకాలంలో ఆమె నన్నొక సాయం అడిగింది.

"అత్తమ్మా, రోజూ జరసేపు ఆ కంప్యూటర్ మీద కూసోండ్రి. తోచింది రాసుకోండ్రి. ఎవరూ వాడని కంప్యూటరైతే కొన్ని వైరస్‌లు ఇది పరీక్ష కోసం పెట్టిందని గుర్తుపడతయి. ఇగ కదలకుంట పంటయి."

"రాసిందంత పోతదా?"

"పోవచ్చు. గందుకే అసలువి రాయకుండ్రి."

లేనిపోనివి రాయడం నాకు చేతకాదు. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీలు, కరెంటు పోయిన వేళలు, పాలంపేటలో రామప్ప గుడికి వెళ్లొచ్చిన రోజు ఏ బస్సు ఎంత ఆలస్యమైందీ, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను.

వారం తర్వాత కోడలు వైరస్‌ను వదిలింది. అది కదలలేదు. మర్నాడూ కదలలేదు. వైరస్ కదలకపోతే యాంటీవైరస్ ఆపవలసిందేమీ ఉండదు. ఆపిందని రాసినా అబద్ధమే, ఆపలేదని రాసినా అబద్ధమే. ఉద్యోగంలో చేరాక ఆమెకది మొదటి రిపోర్టు. శుక్రవారం సాయంత్రానికి పంపాలి. గురువారం పొద్దున ఆమె టిఫిన్‌కు రాకపోతే ఉప్మా పళ్లెం పట్టుకుని నేనే గదిలోకి వెళ్లాను.

"ఆఫీసుల వేరేటోళ్ల కంప్యూటర్ల ఇది మంచిగనే లేస్తుందట అత్తమ్మా. నా కాడనే పంటాంది. నాకే పని రాదనుకుంటాండ్రు," అంటూ తెర మీద ఏవేవో తెరిచి చూసింది. ఈ మధ్య తెరిచిన ఫైళ్ల జాబితా ఖాళీ. చెత్తబుట్ట ఖాళీ. తెర మీద ఒక్క బొమ్మ లేదు. నా ఫైళ్లన్నీ ఒక మూల ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. మెల్లగా నా వైపు తిరిగింది.

"ఇవన్ని ఎవరు తుడిచిన్రు?"

"పనైనంక తుడవకుంట ఎట్ల లేస్తరు?" అన్నాను.

ఆమె నవ్వు ఆగక, నేనిచ్చిన పళ్లెం కింద పెట్టేసింది. "మీరు రోజూ తుడిచి తుడిచి దాన్ని షాపుల నుంచి అప్పుడే తెచ్చినట్టు చేసిన్రు అత్తమ్మా. వైరస్ నమ్ముతదా?"

సరే, చిందరవందర చేద్దామని కూర్చున్నాను. ఫైళ్లు తెర మీదికి తెచ్చాను గాని, తేదీల ప్రకారం వరసలో పడ్డాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆయన, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, లోపలికి వచ్చారు.

"లే, నీతోని కాదు. నలభై ఏండ్ల సంది నేను ఈ పనికే తిట్లు తింటున్న."

"మీకంటె మంచిగ ఎవరికొస్తది," అని లేచాను.

ఆయన కూర్చుని రామప్ప గుడి ఫొటో ఒక్కటే నాలుగు చోట్ల పెట్టారు. కొత్తది, కొత్తది రెండు, అసలు కొత్తది అని పేర్లు. సగం రాసిన ఉత్తరాన్ని అలాగే వదిలేశారు. అవసరమైనవి బుట్టలో వేసి, అక్కర్లేనివి ఉంచారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"ఒక్కటన్న సక్కగ పెట్టున్రి."

"సక్కగ పెడితే వైరస్ పంటది. సప్పుడు చెయ్యకు."

ఆయన లేచాక, కోడలు ఆ కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు ఒక నకలు తీసి దాచింది. తర్వాత వైరస్‌ను వదిలింది. ఈసారి అది లేచింది. నా బస్సుల ఆలస్యాల ఫైలుతో కలిపి మూడింటికి తాళం పడ్డాక యాంటీవైరస్ దాన్ని ఆపింది.

"ఆపింది అత్తమ్మా," అంది కోడలు.

"మూడు పోయినంక ఆపింది. నిండ మార్కులు ఎట్లేస్తవ్?"

"వెయ్య. మూడు పోయినయనే రాస్త."

ఆమె మార్కులు వేయవలసిన యాంటీవైరస్‌లు ఇంకా రెండు మిగిలాయి. ముగ్గురికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి కాబట్టి కోడలు ప్రతిసారీ ఆ నకలును తిరిగి తెచ్చేది. నేను పక్కన కూర్చుని సరిచూశాను. అసలు కొత్తది దాని వంకర చోటులోనే ఉంది, సగం ఉత్తరం సగంలోనే ఉంది. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. అంత కచ్చితమైన చిందరవందరను నేనెన్నడూ చూడలేదు.

శుక్రవారం చాయ్ వేళకు ముందే రిపోర్టు వెళ్లింది.

"అండ్ల నా గురించి రాసినవా బిడ్డా?" అని మా ఆయన అడిగారు.

"రాసిన మామయ్యా. 'బాగా వాడిన కంప్యూటర్' అని."

ఆయన దాంతో తృప్తిపడ్డారు.