బండ కట్టని రోజు

మా ఆవిడ పోయింది. పోయిన నెల, గుంటూరు ఆసుపత్రిలో, ఉదయం ఆరున్నరకు. గుండె రెండేళ్ళుగా ఇబ్బంది పెడుతూనే ఉంది. వయసు నలభై ఎనిమిదేళ్ళు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా దాదాపు ఒకే మాట అన్నారు, పువ్వులాంటి మనిషి అని. పెద్దకర్మ కార్డు అచ్చు వేయించిన మా అన్నయ్య అందులో ‘సౌమ్యురాలు’ అని రాయించాడు. నేను అడ్డు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడ సౌమ్యురాలు కాదు. పువ్వు అసలే కాదు. మొండి మనిషి. ఆ మొండితనాన్ని పక్కన పెట్టి ఆవిడను తలుచుకోవడం నాకు చేతకాదు.

ఆవిడది ఒంగోలు దగ్గర పల్లె. మా మామగారు బండలాగుడు పోటీలకు గిత్తలను తయారు చేసేవారు. తయారు చేయడమంటే మేపడం ఒక్కటే కాదు. దూడకు పాలపళ్ళు ఉన్నప్పటి నుంచి దాన్ని ఎంత దూరం నడిపించాలి, ఎప్పుడు మొద్దు కట్టాలి, ఎప్పుడు చిన్న బండ కట్టాలి, ఏ రోజు ఏదీ కట్టకుండా వదిలేయాలి, ఇదంతా ఒక చదువు. ఆ చదువు మా ఆవిడకు పదేళ్ళకే వచ్చేసింది. పగ్గం పట్టుకుని వాగు ఇసుకలో దూడలను నడిపించింది ఆవిడే. ఉలవలు ఉడకేసి పెట్టింది ఆవిడే. పదమూడో ఏట పెద్దమనిషి అయింది. ఆ నెలలోనే తిరునాళ్ళ వచ్చింది. తను పెంచిన గిత్త పగ్గం పట్టుకుని బరిలోకి తమ్ముడు దిగాడు. ఆవిడ ఇంట్లో కూర్చుని మైకులో విన్నది. ఆ జతకు రెండో బహుమతి వచ్చింది.

“ఇంటికి రాగానే ఆ గిత్త ఎవరి చెయ్యి నాకిందో తెలుసా?” అని పెళ్ళయిన కొత్తలో నన్ను అడిగింది. తెలుసునన్నాను. “బహుమతి ఫొటోలో మాత్రం నేను లేను,” అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను.

మాది చిలకలూరిపేట దగ్గర ఊరు. నేను బీకాం చదివి పత్తి మిల్లులో సూపర్‌వైజరుగా చేసేవాణ్ణి. రెండెకరాల మిరప ఉండేది. మాకు ఒక్కతే కూతురు. ఇది మా అమ్మాయి పదో తరగతిలో చేరిన ఏడాది సంగతి. అప్పటికి ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చి మూడు నాలుగేళ్ళయింది. అందులో బ్రేక్ డాన్సు చూసి, ముందు గదిలో ఒంటి చేతి మీద లేవబోయి, గడప మీద పడి గడ్డం పగలగొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. కుట్లు విప్పకముందే, బడి వార్షికోత్సవంలో ఆ డాన్సే వేస్తానని కూర్చుంది.

బడి పిల్లలకు డాన్సులు నేర్పడానికి పేట నుంచి ఒక మాస్టరు వచ్చేవాడు. మా ఆవిడ అమ్మాయిని ఆయన దగ్గరకు తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

“ఆ డాన్సుకి చేతుల్లో బలం ఉండాలమ్మా. ఒళ్ళంతా ఒక్క చేతి మీద మోయాలి. ఆడపిల్లలకి ఆ చేతులు ఉండవు. జానపదంలో పెడతాలే, చక్కగా బుట్ట పట్టుకుని నిలబడుద్ది,” అన్నాడు.

“ఉండవా? సరే మాస్టారూ. పెంచుకొస్తాం.”

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఇంటికొచ్చాక అమ్మాయి మణికట్టు పట్టుకుని, బొటనవేలితో నొక్కి నొక్కి చూసింది. “నీకింకా పాలపళ్ళే. పోయి పోయి ఆరు పళ్ళ గిత్తలు లాగే బండకు కట్టుకున్నావు. గడ్డం పగలక ఏమవుద్ది?” అంది. పోటీల్లో గిత్తలను పళ్ళను బట్టే విడదీస్తారు. పాలపళ్ళ వాటికి చిన్న బండ, ఆరు పళ్ళ వాటికి పెద్ద బండ.

వ్యవధి ఏడు నెలలు. పదో తరగతి అవగానే అమ్మాయి గుంటూరులో ఇంటర్ హాస్టలుకు వెళ్ళాలి. తెల్లవారుజామున లేస్తే పడుకునేదాకా పుస్తకాలే. డాన్సు మాట ఎత్తితే ఇంటికి పంపించే చోటు అది. కాబట్టి ఆ వార్షికోత్సవం ఒక్కటే అవకాశం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

మొదటి నెల ఒక్క స్టెప్పు కూడా లేదు. పెరట్లో అరచేతులు నేలకు ఆనించి, ఒళ్ళు పలకలా చాచి ఉండటం, అంతే. రెండో నెల కాళ్ళు అరుగు మీద, చేతులు నేల మీద. తర్వాత గోడకు కాళ్ళు ఆనించి తలకిందులుగా. ఆదివారాలు చేలో సాళ్ళ వెంట చేతులూ కాళ్ళూ ఆనించి నడిపించేది. నల్లరేగడి గడ్డలు గుచ్చుకుంటున్నాయని అమ్మాయి ఏడిస్తే, “మరీ మంచిది, అరచెయ్యి గట్టిపడుద్ది,” అనేది. కుడిచేత్తో ఎంత చేస్తే ఎడమచేత్తో అంతే చేయించేది. ఒక ఎద్దు వెనకబడితే జత మొత్తం వెనకబడ్డట్టే అనేది.

మూడు రోజులు చేయిస్తే నాలుగో రోజు ఏమీ చేయనిచ్చేది కాదు. దానికి వాళ్ళ నాన్న వాడే పేరే పెట్టుకుంది, బండ కట్టని రోజు. ఆ రోజు అమ్మాయి నీళ్ళ బిందె ఎత్తినా ఊరుకునేది కాదు. “బలం లాగిన రోజు రాదే. లాగని రోజు వచ్చుద్ది. తిని పడుకో,” అనేది. ఈ మాట నాకు చాలాకాలం తలకెక్కలేదు. ఎక్కే ముందు ఏం జరిగిందో చెబుతాను.

తిండి దగ్గర మా అమ్మతో పేచీ వచ్చింది. పళ్ళెంలో ముందు అమ్మాయికి గుడ్లు, ఉలవ గుగ్గిళ్ళు పడేవి. తర్వాతే నాకు.

“మగపిల్లాడికి పెట్టినట్టు పెడుతున్నావేంటే!” అంది మా అమ్మ.

“మగపిల్లాడుంటే వాడికీ పెడతాను అత్తయ్యా. ఉన్నది ఇదే.”

మిరపకాయ కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు ప్రహరీ మీదుగా తొంగిచూసేవాళ్ళు. ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది. “ఏమ్మా, పిల్లని తలకిందులుగా నిలబెట్టావు, మార్కులేమన్నా రాల్తాయా?”

“మార్కులు దానికి బానే ఉన్నాయిలే. నీ మొగుణ్ణి పంపు, నిలబెడతా. తాగింది రాలుద్దేమో చూద్దాం.”

ఆ రోజు నుంచి ఆ ముఠా ఆడవాళ్ళంతా మా ఆవిడ పక్షం.

నేను ఎటూ కాకుండా మధ్యలో ఉండేవాణ్ణి. వద్దనలేదు. సరేననీ అనలేదు. “మధ్యలో ఉండటమంటే అవతలి పక్కన ఉండటమేనండీ. కాకపోతే కుర్చీ వేసుకుని,” అంది ఒకసారి.

జనవరికి అమ్మాయి గోడ అవసరం లేకుండా చేతుల మీద నిలబడింది. తర్వాత ఒంటి చేయి నేలకు ఆనించి, మోచేతిని నడుముకు ఊతగా పెట్టి, ఒళ్ళంతా గాల్లో ఆపి ఉంచింది. దాన్ని ఫ్రీజ్ అంటారని మాకు అమ్మాయే చెప్పింది. పది లెక్కపెట్టేదాకా కదలలేదు. మాస్టరు వచ్చి చూశాడు. “పేరు రాసుకుంటానమ్మా,” అని వెళ్ళిపోయాడు. అంతకంటే పెద్ద మెప్పు మా ఆవిడకు అక్కర్లేదు.

పోటీకి ముందు మూడు రోజులు గిత్తకు బండ కట్టరట. ఆవిడ అదే పాటించింది. ఆ మూడు రోజుల్లో మొదటి రోజు, ఆవిడ చేనికి వెళ్ళిన సమయంలో, నరసరావుపేట నుంచి మా అన్నయ్య వచ్చాడు.

“ఏరా, పిల్లని సర్కస్‌లో చేరుస్తున్నావంట? టిక్కెట్టెంత?”

నాకు కోపం వచ్చింది. ఏడు నెలల్లో రాని కోపం. అమ్మాయిని పిలిచి, పెదనాన్నకు చూపించమన్నాను.

“ఇవాళ బండ కట్టని రోజు నాన్నా. అమ్మ వద్దంది.”

“ఒక్కసారే.”

“ఒళ్ళు వేడెక్కకుండా చెయ్యకూడదంట.”

“నేను చెబుతున్నాగా!”

నా మాట మీద చేసింది. కుడిచేతి మణికట్టు మెలిపడింది. పడ్డ చప్పుడు కంటే, అది ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని లోపలికి వెళ్ళిపోవడం నాకు ఎక్కువ గుర్తు.

మా ఆవిడ చేను నుంచి వచ్చి మణికట్టు చూసింది. తర్వాత నన్ను చూసింది. పేటలో డాక్టరు ఎముక విరగలేదని, మూడు వారాలు కదపొద్దని కట్టు కట్టాడు. కబురు తెలిసి మాస్టరు పరుగెత్తుకొచ్చాడు.

“పేరు వేసేశాం కదమ్మా. ఎడమచేత్తో వేయిద్దాం. పిల్ల చేస్తానంటోంది.”

“కుంటే గిత్తని మా నాన్న బరిలోకి దింపలా. తిరునాళ్ళ మొత్తం అరిచినా దింపలా. నేనూ దింపను.”

అమ్మాయి లేచి నిలబడింది. “నీకూ మాస్టారికీ తేడా ఏంటమ్మా? అప్పుడు ఆయన వద్దన్నాడు, ఇప్పుడు నువ్వు వద్దంటున్నావు!”

“ఉంది. ఆయన నీకు చెయ్యి లేదన్నాడు. నేను ఉన్న చెయ్యి కాపాడతన్నా.”

అమ్మాయి తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. తప్పు చేసిన నాతో మాట్లాడింది. అది నాకు ఇంకా బరువైంది. వార్షికోత్సవం రోజు మేము ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. బడిలో జానపదం పాటలు మోగుతుంటే మైకులో వినపడ్డాయి. మైకు మోగినంతసేపూ మా ఆవిడ వీధి గడప మీద కూర్చుంది.

“పోనీలే, పీడా పోయింది,” అన్నాడు అన్నయ్య మరుసటిసారి వచ్చినప్పుడు.

“పోలేదు బావగారూ. వాయిదా పడింది.”

నన్ను తిట్టలేదు. ఒక్కసారి మాత్రం అంది. “ఇన్నాళ్ళకి మీరు నా పక్కకి వచ్చారండీ. రోజే తప్పు చూసుకున్నారు.”

మూడు వారాల తర్వాత మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టించింది, పెరట్లో అరచేతులు నేలకు ఆనించడం దగ్గర నుంచి. పరీక్షల వల్ల రోజుకు అరగంటే. ఎక్కడ వేస్తుందని నేను అడిగాను. బడి అయిపోయింది, స్టేజి లేదు. “నేల ఉందిగా,” అంది.

మే నెలలో, అమ్మాయి హాస్టలుకు వెళ్ళడానికి వారం ముందు, మా మిరపకాయల కల్లం ఖాళీ అయింది. కాయలు యార్డుకు వెళ్ళిపోయాయి. దిమ్మిస చేసిన నేల, సిమెంటు కంటే నున్నగా ఉండేది. ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు. ఇంటింటికీ తనే వెళ్ళి పిలిచింది. హెడ్మాస్టరును పిలిచింది, మాస్టరును పిలిచింది, మా అన్నయ్యకు కబురు పెట్టింది. పేట నుంచి మైకు సెట్టు తెప్పించింది. ఆడది మైకు పెట్టించి మరీ కూతురిని ఎగిరిస్తోందని ఊళ్ళో అన్నారు. అన్నవాళ్ళను కూడా వెళ్ళి పిలిచింది.

ముందురోజు నాకు ఒక్క పని చెప్పింది. కల్లం ఊడిపించి, నీళ్ళు చల్లించి, ఆరాక మళ్ళీ ఊడిపించి, మళ్ళీ చల్లించమంది. అప్పటికి కాలువ కట్టేశారు. తాగే నీళ్ళే ట్రాక్టరు మీద వస్తున్నాయి. ఊడిస్తే చాల్లే అనుకుని నేను నీళ్ళు చల్లించలేదు. మిరప పండించేవాళ్ళకు ఈపాటికి విషయం అర్థమై ఉంటుంది.

ఎండ ముదరకముందే, పొద్దున ఏడింటికి, యాభై మంది దాకా చేరారు. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు అన్నం క్యారేజీలు పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. పాట మొదలైంది. నిలబడి వేసినంతసేపూ బాగానే ఉంది. నేల మీదికి దిగి, వీపు మీద గిరగిరా తిరిగేసరికి, రెండు నెలలు ఎండిన కాయల దుమ్ము ఎర్రగా లేచింది. ముందు వరస మొత్తం దగ్గు. నా గొంతు మండిపోయింది. మా అన్నయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“ఏందయ్యా, ఏడుస్తన్నావా?” అంది పక్కనున్న కూలీ ఆవిడ.

“ఏడవటమేంటమ్మా, మిరప కోరు!”

“ఏదైతే ఏంలే, కూచో.”

ఒక ముసలాయన లేచి వెళ్ళబోయాడు. “కూచో తాతా! పిల్ల ముక్కు నేలకే పెట్టి ఉంది, నీకొచ్చిన బాధేంటి?” అని నలుగురు ఒక్కసారే గదమాయించారు. కూర్చున్నాడు. ఒక్కరూ కదలలేదు.

ఆ తర్వాత మా అమ్మాయి ఏమైందని అడుగుతారు, చెబుతాను. ఏమీ కాలేదు. హాస్టలుకు వెళ్ళింది, డిగ్రీ చదివింది, ఒంగోలులో ఉద్యోగం చేస్తోంది. డాన్సు చేయదు. “మరి ఆ హడావుడి అంతా ఎందుకురా?” అని మొన్న పెద్దకర్మ రోజు కూడా అన్నయ్య అడిగాడు. దేనికీ కాదు. లేవన్న చేతులు ఉన్నాయని చూపించడానికి. అంతకంటే కారణం ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పను.

ఆ రోజు కల్లంలో, పాట చివరికి ఫ్రీజ్ వచ్చింది. మెలిపడిన ఆ కుడిచేతి మీదే. అరచెయ్యి నేలకు ఆనింది, కాళ్ళు లేచాయి, ఒళ్ళు గాల్లో నిలిచింది. అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. తుమ్ము వస్తోందని తెలుస్తూనే ఉంది. తుమ్మితే అదే మణికట్టు మీద పడుతుంది. నీళ్ళు చల్లించనిది నేను. దగ్గు వచ్చిన వాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మాస్టరు లేచి నిలబడి పెదవులతో అంకెలు లెక్కపెడుతున్నాడు. నేను చూడలేక మా ఆవిడ వైపు తిరిగాను.

ఆవిడ కల్లం అంచున నేల మీద కూర్చుని ఉంది. కూతురి ముఖం చూడటం లేదు, మణికట్టునే చూస్తోంది. తన కుడి అరచేయి నేలకు ఆనించి, వేళ్ళు విడదీసి, భుజం వంచి, తన బరువంతా దాని మీద మోపి ఉంది. గాజులు మణికట్టు దాకా జారిపోయాయి. నరాలు ఉబ్బాయి. మాస్టరు పెదవులు పది దాటాయి, పన్నెండు దాటాయి. అమ్మాయి మెల్లగా దిగి, నిలబడి, వరసగా తుమ్మింది. జనం అరిచారు, ఈలలు వేశారు, లేచి దుమ్ము దులుపుకున్నారు. ఆవిడ చెయ్యి మాత్రం ఇంకా నేల మీదే ఉంది.